చిలకపచ్చ చిక్కుడాకు రంగులో ఎందుకొచ్చింది? బట్టల డిజిటల్ ప్రింటింగ్‌కి ఏ కలర్ మోడ్ పెట్టాలి

ధర్మవరంలో పట్టుచీరలకు జాకార్డు డిజైన్లు, అంటే మగ్గం మీద నేతలోనే వచ్చే డిజైన్లు వేసే పని నాది. అంచులు, బుటాలు, కొంగులు, రోజంతా ఇవే. కొన్నేళ్లుగా డిజిటల్ ప్రింట్ డిజైన్లు కూడా చేస్తున్నాను, ఎందుకంటే ఓణీలు, బ్లౌజులు, పిల్లల లంగాలు ఇప్పుడు చాలామంది ప్రింట్‌లోనే అడుగుతున్నారు. ఆ పని మొదలుపెట్టిన కొత్తలో అనంతపురం నుంచి ఒక అక్క వచ్చింది. కూతురి పెళ్లికి రాణి రంగు పట్టు లంగా మగ్గం మీద నేయిస్తోంది, దాని మీదికి చిలకపచ్చ ఓణీ కావాలి, ఓణీ నిండా చిన్న చిన్న మల్లెమొగ్గలు ఉండాలి అంది. తెల్ల పట్టు జార్జెట్ తీసుకుని దాని మీద ప్రింట్ చేయిద్దామనుకున్నాం.

చిలకపచ్చ అంటే ఏంటో మన దగ్గర ఎవరికీ వివరించక్కర్లేదు. తెర మీద ఆ పచ్చ తెచ్చేదాకా ఒక పూటంతా కూర్చున్నాను, ఆమె పక్కనే కుర్చీ వేసుకుని "ఇంకొంచెం లేతగా... ఆఁ, అదే అప్పా" అని ఒప్పుకుంది. ఫైలు పంపేముందు, ప్రింటింగ్ అంటే నాలుగు ఇంకుల లెక్క, సీఎంవైకే కదా అని, మోడ్ మార్చి సేవ్ చేసి పంపేశాను. మార్చగానే తెర మీద పచ్చ కొంచెం చచ్చినట్టు కనిపించింది, నేను చూశాను కూడా, కానీ బట్ట మీద బాగానే వస్తుందిలే అనుకున్నాను. పది రోజులకు పార్సిల్ వచ్చింది. విప్పితే ముదిరిన చిక్కుడాకు రంగు. అక్క ఓణీని లంగా గుడ్డ పక్కన పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇదేం పచ్చప్పా?" అంది. అంతే.

తప్పు ప్రింటింగ్ యూనిట్ వాళ్లదే అనుకుని ఫోన్ చేశాను. అక్కడ మిషన్ చూసుకునే అబ్బాయి ఫైలు తెరిచి, "సార్, మీరు సీఎంవైకేలో పంపారు కదా, ఆ పచ్చ మీ దగ్గరే పోయింది, మా దగ్గరికి రాలేదు" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకి వివరణే అనుకోండి.

ముందే చెప్పేస్తాను, తర్వాత కారణాలు చూద్దాం. బట్ట మీదికి వెళ్లే ఫైలు ఆర్‌జీబీలోనే, అంటే తెర రంగుల లెక్కలోనే ఉంచండి, అది ఏ ఆర్‌జీబీనో తెలిపే ప్రొఫైల్ ఫైల్లోనే ఉండేలా సేవ్ చేయండి, ఇంకుల్లోకి మార్చే పని ఒక్కసారే, అది కూడా చివర్లో, మిషనూ ఇంకూ బట్టా తెలిసిన చోట జరగనివ్వండి. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి కూడా చెప్తాను.

"తెరకి ఆర్‌జీబీ, ప్రింటుకి సీఎంవైకే" ఎక్కడి మాట?

మన ఊళ్లలో డిజైనింగ్ నేర్చుకున్నవాళ్లలో చాలామంది పెళ్లికార్డుల ప్రెస్సులోనో ఫ్లెక్సీ షాపులోనో కోరల్ డ్రా ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లే. నేనూ అంతే. అక్కడ మొదటి రోజు చెప్పే పాఠం ఇదే, ప్రింటుకి సీఎంవైకే అని. కాగితం మీద ఆఫ్‌సెట్‌లో కొట్టే పనికి అది సరైన పాఠమే. నాలుగు ప్లేట్లు, నాలుగు ఇంకులు: సయాన్, మెజంటా, ఎల్లో, బ్లాక్. ఫైల్లో ఉన్న నాలుగు అంకెలూ నేరుగా ఆ నాలుగు ప్లేట్ల మీదికి వెళ్తాయి. ఆ లెక్కనే బట్టకి కూడా తెచ్చుకున్నాం, చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆర్‌జీబీ అంటే వెలుతురు లెక్క. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు దీపాలు, ఒక్కో దీపానికి 0 నుంచి 255 వరకు 256 మెట్లు, మూడూ కలిస్తే 1,67,77,216 రంగులు. దీపాలు పెంచేకొద్దీ తెలుపు వైపు వెళ్తాం. సీఎంవైకే దానికి తలకిందులు, తెల్లటి వస్తువు మీద ఇంకు వేసేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, నలుపు వైపు వెళ్తాం. ఇది అందరికీ తెలిసిందే. చాలామందికి తట్టని సంగతి ఇంకోటి ఉంది: సీఎంవైకే అనేది ఒక రంగు పేరు కాదు, "ఇంత ఇంకు వెయ్యి" అనే ఆదేశం. ఎవరి ఇంకు, దేని మీద అనేది చెప్పకపోతే ఆ ఆదేశానికి అర్థం లేదు.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఫోటోషాప్‌లో సయాన్ 100, మిగతావన్నీ 0 పెట్టండి. ఫైలు ప్రొఫైల్ అమెరికా వాళ్ల స్వాప్ కోటెడ్ అయితే, మామూలు తెరల ఆర్‌జీబీ అయిన ఎస్‌ఆర్‌జీబీలో అది దాదాపు 0, 174, 239 అని చూపిస్తుంది. అదే యూరప్ వాళ్ల ఫోగ్రా 39 అయితే 0, 159, 227 అంటుంది. అదే "వంద శాతం సయాన్", రెండు వేర్వేరు నీలాలు. రెండూ కాగితం లెక్కలే, నున్నటి ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్ ఇంకు ఎలా కనిపిస్తుందో కొలిచి రాసినవి. వాటిలో పట్టు లేదు, నూలు లేదు, పాలిస్టర్ లేదు.

నేను చేసింది సరిగ్గా ఇదే. అక్క ఒప్పుకున్న చిలకపచ్చని, పట్టుకి సంబంధమే లేని ఒక ఆర్ట్ పేపర్ లెక్కలోకి మార్చాను. ఆ కాగితం మీద అంత మెరిసే పచ్చ రాదు, ఫోగ్రా 39 లెక్కలో సయాన్ 100, ఎల్లో 100 కలిపితే వచ్చే పచ్చ ఎస్‌ఆర్‌జీబీలో సుమారు 0, 150, 64 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ నా పచ్చని తీసుకెళ్లి కాగితం ఇవ్వగలిగినంతలో దగ్గరగా ఉన్న పచ్చకి అతికించింది. తర్వాత మళ్లీ ఆర్‌జీబీకి మార్చినా పోయిన రంగు తిరిగి రాదు. పట్టు మీద వేసే ఇంకులకి నా అసలు పచ్చ ఇచ్చే శక్తి ఉన్నా, వాళ్ల మిషన్‌కి నేను పంపింది చిక్కుడాకే.

యూనిట్‌లో ఏం జరుగుతుంది

తర్వాత ఆ యూనిట్‌కి వెళ్లి ఒక రోజంతా ఉన్నాను. ఫైలు నేరుగా మిషన్‌కి వెళ్లదు, మధ్యలో రిప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మనం పంపిన రంగు ఏంటో ఫైల్లోని ప్రొఫైల్ చూసి తెలుసుకుని, ఈ మిషన్ మీద, ఈ ఇంకులతో, ఈ బట్ట మీద ఆ రంగు రావాలంటే ఏ ఇంకు ఎంత చుక్క వెయ్యాలో లెక్కగట్టేది అదే. ఆ లెక్క కోసం వాళ్లు ముందే ఒక్కో రకం బట్ట మీద వందల చిన్న రంగు గడులు ప్రింట్ చేసి, స్టీమింగు, వాషింగూ అయ్యాక మీటరు పెట్టి కొలిచి ప్రొఫైల్ తయారు చేసుకుంటారు. పట్టు జార్జెట్‌కి ఒకటి, డూపియన్‌కి ఒకటి, నూలుకి ఒకటి.

ఇంకులు కూడా నాలుగే ఉంటాయనుకోకండి. ఆరు, ఎనిమిది ఇంకుల మిషన్లు మామూలే. సయాన్, మెజంటా, ఎల్లో, బ్లాక్‌తో పాటు ఆరెంజ్, రెడ్, బ్లూ, గ్రే లాంటివి కలుపుతారు, యూనిట్‌ని బట్టి మారుతుంది. నాలుగు గళ్ల ఫైల్లో ఆరెంజ్ ఇంకుకి గడి ఎక్కడుంది? ఆర్‌జీబీ ఫైలు పంపితే, ఈ మెరిసే కనకాంబరం రంగుకి మెజంటా ఎల్లో కలపడం కన్నా ఆరెంజ్ ఇంకు వాడటం మేలని రిప్ తనే నిర్ణయించుకుంటుంది. మనం ముందే కాగితం సీఎంవైకేలోకి కుదించి పంపితే, ఆ ఆరెంజ్ ఇంకు మిషన్‌లో ఉన్నా మన కనకాంబరం ఎదగలేదు.

ఇంకు రసాయనం కూడా బట్టని బట్టి వేరు. పట్టు, ఉన్ని, నైలాన్‌కి యాసిడ్ ఇంకులు. నూలుకీ విస్కోస్‌కీ రియాక్టివ్ ఇంకులు, ఇవి పట్టు మీద కూడా పనిచేస్తాయి. పాలిస్టర్‌కి డిస్పర్స్ ఇంకులు, సబ్లిమేషన్ అని మనం అనేది ఇదే, ముందు కాగితం మీద కొట్టి, దాన్ని బట్టతో కలిపి సుమారు 200 డిగ్రీల వేడిలో కాసేపు నొక్కితే రంగు ఆవిరై పాలిస్టర్ పోగులోకి దిగుతుంది. అది నూలు మీద నిలవదు, ఎవరైనా ప్యూర్ కాటన్ మీద సబ్లిమేషన్ చేసిస్తామంటే మళ్లీ అడగండి. పిగ్మెంట్ ఇంకులు అన్నిటి మీదా వేయొచ్చు, బైండర్‌తో పైన అతుక్కుంటాయి, కానీ పోగులో కలిసే రంగులంత నిగారింపు సాధారణంగా రాదు. ఒకే ఫైలు ఈ నాలుగింటికీ పంపితే నాలుగు రకాల రంగులు వస్తాయి, అందుకే ముందే ఇంకుల లెక్కలోకి మార్చి పెట్టుకోవడం అంత ప్రమాదం.

ఆ రోజు నేను చూసినదాంట్లో మర్చిపోలేనిది స్టీమింగు. నూలు బట్టకి ముందుగానే ఆల్జినేట్ గంజి, యూరియా, సోడా పట్టించి ఆరబెట్టి ఉంచారు, పట్టుకి వేరే గంజి. మిషన్‌లోంచి బయటికి వస్తున్న బట్ట చూస్తే నాకు టెన్షన్ పట్టుకుంది, రాణి రంగు అనుకున్నది మట్టి కలిసిన వంగపండు రంగులో ఉంది, నీలం బూడిద పట్టినట్టుంది, చేత్తో తాకితే గంజికి అట్టలా గరగరలాడుతోంది. "ఇప్పుడు చూడొద్దు సార్" అన్నారు. ఆవిరి పెట్టెలో దాదాపు 102 డిగ్రీల దగ్గర నూలుకి పది నిమిషాలలోపు, పట్టుకి అరగంట పైనే పెట్టి, తీసి నీళ్లలో జాడించారు. గంజీ, పోగుకి పట్టని మిగులు రంగూ కొట్టుకుపోయాయి. తడి గుడ్డలోంచి రాణి రంగు పైకి లేచింది. మా ఊళ్లో పట్టు అద్దకం చేసే ఒక పెద్దాయన పోగు రంగు చూడాలంటే గిన్నెలోంచి కొంచెం తీసి, గట్టిగా పిండి, ఆరబెట్టి, అప్పుడు గానీ శాంపిల్ పక్కన పెట్టడు. "తడి మీద చూసి ఒప్పుకోవద్దు నాయనా" అంటాడు. మిషన్ దగ్గర నాకు ఆయనే గుర్తొచ్చాడు. తెర మీద కాదు, మిషన్ మీద కూడా కాదు, ఉతికి ఆరిన ముక్క మీదే రంగు గురించి మాట్లాడాలి.

ఏ రంగులు దెబ్బతింటాయి, ఏవి తినవు

"నేను ఎప్పుడూ సీఎంవైకేలోనే పంపుతా, బాగానే వస్తుంది" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు చూసే ఉంటారు, పదహారో శతాబ్దం విజయనగర కాలంనాటివి, ఆ బొమ్మల చీరల అంచులూ గళ్లూ మన నేతవాళ్లకి ఇప్పటికీ గని. ఆ రంగులు కావి ఎరుపు, మట్టి పసుపు, నలుపు, తెలుపు, మగ్గిన పచ్చ. ఇవన్నీ కాగితం సీఎంవైకేలో హాయిగా ఇమిడే రంగులే. లేపాక్షి మోటిఫ్‌తో ఓణీ చేస్తే మోడ్ తప్పుగా మార్చినా తేడా కంటికి ఆనదు. ఇటుక రంగు, మెంతి రంగు, బిస్కెట్ రంగు కూడా అంతే.

దెబ్బ తినేవి మన పెళ్లి రంగులు. చిలకపచ్చ, ఆనందా బ్లూ, నెమలికంఠం, కనకాంబరం, మెరుపు ఎక్కువున్న రాణి. ఆర్‌జీబీలో స్వచ్ఛమైన నీలం, అంటే 0, 0, 255ని కాగితం సీఎంవైకేలోకి మార్చి చూడండి, ముదురు వంగపండు రంగువైపు జారిపోతుంది. ఆనందా బ్లూ చీర కట్టుకునేవాళ్లకి అది ఇస్తే ఊరుకుంటారా.

అయితే ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆర్‌జీబీలో పంపినంత మాత్రాన తెర మీద కనిపించిందంతా బట్ట మీదికి రాదు. తెర వెలుతురు విరజిమ్ముతుంది, గుడ్డ వెలుతురుని తిప్పి పంపుతుంది అంతే. ఫ్లోరసెంట్ ఇంకులు వేరేగా ఉంటే తప్ప నియాన్ రంగులు రావు. కాకపోతే రాలేని రంగుని ఎక్కడ సర్దాలో పట్టు ప్రొఫైల్ నిర్ణయిస్తే, కాగితం ప్రొఫైల్ నిర్ణయించినదానికంటే చాలా దగ్గరగా సర్దుతుంది.

ఆ సర్దడంలోనూ రెండు పద్ధతులు ముఖ్యం, రిప్‌లోనూ ఫోటోషాప్‌లోనూ రెండరింగ్ ఇంటెంట్ పేరుతో కనిపిస్తాయి. చిన్న పందిట్లోకి ఎక్కువమంది వచ్చారనుకోండి. రిలేటివ్ కలరిమెట్రిక్‌లో, పట్టినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే కూర్చుంటారు, పట్టనివాళ్లందరినీ అంచున గుంజలకి ఆనించి నిలబెడతారు. పర్సెప్చువల్‌లో అందరూ తలా కొంచెం జరుగుతారు. బుటాలు, ప్లెయిన్ రంగులు ఉన్న డిజైన్‌కి మొదటిది మేలు, మీ పసుపు పసుపుగానే ఉంటుంది. నెమలి పింఛం లాంటి షేడింగ్ ఉంటే మొదటిది పనికిరాదు, పదిరకాల నీలాలు అంచుకి చేరి ఒకే మచ్చలా అతుక్కుపోతాయి, అప్పుడు రెండోది అడగండి. యూనిట్ వాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, మార్చి ఇస్తారు.

వాళ్ల ప్రొఫైల్ ఫైలు మీకిస్తే ఇంకా మంచిది. ఫోటోషాప్ ప్రూఫ్ సెటప్‌లో దాన్ని ఎంచుకుంటే, ఫైలు ఆర్‌జీబీలోనే ఉంటుంది, తెర మీద మాత్రం బట్ట మీద ఎలా రావచ్చో చూపిస్తుంది. గామట్ వార్నింగ్ ఆన్ చేస్తే రాలేని రంగులన్నీ బూడిదరంగు మచ్చలుగా కనపడతాయి. ఆ మచ్చలు చూసి, కస్టమర్‌తో ముందే మాట్లాడుకోవచ్చు.

ఏ ఆర్‌జీబీ?

ఆర్‌జీబీ అని ఊరికే అంటే సరిపోదు. 255 పచ్చ అంటే ఎంత పచ్చ అనేది ప్రొఫైల్ చెప్తుంది. ఎస్‌ఆర్‌జీబీని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించాయి, మామూలు మానిటర్లు దాని చుట్టూనే ఉంటాయి. అడోబ్ ఆర్‌జీబీ 1998ది, పచ్చలూ సముద్రనీలాలూ అందులో ఇంకా ఎక్కువ దూరం వెళ్తాయి. ఐఫోన్ 7 దగ్గర్నుంచి ఆ ఫోన్ల ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే ఇంకో ఆర్‌జీబీలో వస్తున్నాయి. అడోబ్ ఆర్‌జీబీ ఫైలుని ప్రొఫైల్ లేకుండా పంపితే అవతలివాళ్లు దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటారు, రంగులన్నీ వాడిపోతాయి. అప్పుడు కూడా మన చిలకపచ్చకి చిక్కుడాకు గతే.

అసైన్ ప్రొఫైల్, కన్వర్ట్ టు ప్రొఫైల్ అని రెండు ఆప్షన్లు ఉంటాయి, వీటిని కలిపేసుకుని చాలామంది ఫైళ్లు పాడుచేసుకుంటారు. అసైన్ అంటే అంకెలు అవే ఉంచి పేరు మార్చడం, రంగు మారిపోతుంది. కన్వర్ట్ అంటే రంగు అదే ఉంచడానికి అంకెలు మార్చడం. ప్రొఫైల్ లేని ఫైలు చేతికొస్తే మాత్రమే అసైన్, మిగతా అన్నిసార్లూ కన్వర్ట్.

నా సలహా: మామూలు మానిటర్ మీద పనిచేసేవాళ్లు ఎస్‌ఆర్‌జీబీలోనే ఉండండి. మీరు చూడలేని రంగుల్లో డిజైన్ చేయడం చీకట్లో ముగ్గు వేయడమే. ఎక్కువ రంగులు చూపించే మంచి వైడ్ గామట్ మానిటర్ ఉండి, దాన్ని క్యాలిబ్రేట్ చేసుకుని, యూనిట్ వాళ్లు కూడా తీసుకుంటామంటే అడోబ్ ఆర్‌జీబీ.

ఇంకొకటి వాట్సాప్. డిజైన్‌ని ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, కుదింపులో అంచులు చెదురుతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్. కస్టమర్ ఇన్‌స్టాలో స్క్రీన్‌షాట్ తీసి "ఇదే రంగు" అని పంపితే, అది ఎవరి ఫోన్ తెరో, ఏ ఫిల్టరో తెలియదు కాబట్టి, దాన్నుంచి కలర్ పిక్కర్‌తో అంకెలు తీసి నమ్ముకోకండి. గుడ్డ ముక్క తెమ్మనండి.

ఫైలు సైజు మీద కూడా మోడ్ ప్రభావం ఉంది. అయిదున్నర మీటర్ల చీర మొత్తం ఒకే డిజైన్‌గా, 46 అంగుళాల పన్నాతో, 150 డీపీఐలో, అంటే అంగుళానికి 150 చుక్కలతో వేస్తే పొడవు దాదాపు 32,480 పిక్సెళ్లు, వెడల్పు 6,900. మొత్తం 22 కోట్ల పైచిలుకు. ఆర్‌జీబీలో ఇది లేయర్లు లేకుండానే 670 ఎంబీ దాటుతుంది, సీఎంవైకే అయితే 890 ఎంబీ పైన. ఫోటోషాప్ మామూలుగా దాచే పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30,000 పిక్సెళ్లు దాటనివ్వదు, కాబట్టి ఇంత చీరని పీఎస్‌బీలోనో టిఫ్‌లోనో దాచుకోవాలి. బుటా రిపీట్ అయ్యే డిజైన్ అయితే ఒక్క రిపీట్ పంపండి చాలు, రిప్ పరుచుకుంటుంది.

సీఎంవైకే ఎప్పుడు, ఇండెక్స్‌డ్ ఎప్పుడు

నలుపు దగ్గర సీఎంవైకేకి ఒక న్యాయమైన చోటు ఉంది. ఆర్‌జీబీలో 0, 0, 0 పెడితే రిప్ సాధారణంగా దాన్ని నాలుగైదు ఇంకుల కలయికగా మారుస్తుంది. పెద్ద నల్ల మైదానానికి అది మంచిదే, చిక్కగా వస్తుంది. కానీ సన్న గీతలు, ముగ్గు గీతల్లాంటివి, చిన్న అక్షరాలు ఉంటే, అన్ని ఇంకులు ఒకే చోట పడి జార్జెట్ మీద పాకుతాయి, అంచు నూగులా కనపడుతుంది. బ్లాక్ ఇంకు ఒక్కదానితోనే వేయాలి. కొన్ని రిప్‌లలో "ప్యూర్ బ్లాక్" అని టిక్ పెడితే ఆర్‌జీబీ ఫైల్లోనే ఆ పని అయిపోతుంది, అది లేకపోతే ఆ గీతలున్న ఫైలుని సీఎంవైకేలో, కే, అంటే బ్లాక్ ఒక్కటే 100 పెట్టి పంపాల్సి రావచ్చు. అడిగి చేయండి.

రెండో మినహాయింపు: కొన్ని యూనిట్లు తమ మిషన్ మీద, తమ బట్ట మీద కొట్టిన షేడ్ బుక్ ఇస్తాయి, ఒక్కో గడి కింద సీఎంవైకే అంకెలుంటాయి. ఆ అంకెలే వేయమంటే వేయండి. అది కాగితం సీఎంవైకే కాదు, వాళ్ల మిషన్ భాష. కానీ ఆ ఫైలు ఇంకో యూనిట్‌కి పంపితే పనికిరాదు, అందుకే ఒరిజినల్ ఆర్‌జీబీ ఫైలు విడిగా దాచుకోండి, దీన్ని కాపీగా చేయండి.

బూడిదరంగు బ్యాక్‌గ్రౌండ్ పెద్దగా పెట్టకండి, ఏ మోడ్‌లో అయినా. ఇంకు కొద్దిగా అటూ ఇటూ అయినా గులాబీ జీరగానో పచ్చ జీరగానో కొడుతుంది.

లెక్కపెట్టిన కొన్ని రంగులే ఉండే ఇండెక్స్‌డ్ మోడ్ నాలాంటి జాకార్డు వాళ్లకి ప్రాణం, ప్రింట్‌కి మాత్రం అడ్డం. జాకార్డు ఫైల్లో ఒక్కో పిక్సెల్ ఒక్కో పడుగు కొక్కెం, ఒక్కో పేక. అక్కడ ఎరుపు అంటే ఎరుపని కాదు, ఈ చోట జరీ పైకి రావాలి అనో, ఇక్కడ ఈ నేత అనో ఒక గుర్తు. ఎరుపు బదులు నీలం పెట్టినా చీర మారదు. స్క్రీన్ ప్రింటింగ్‌లోనూ దాదాపు ఇంతే, ఆరు రంగులంటే ఆరు స్క్రీన్లు, రంగు కలిపేది మాస్టర్, ఫైల్లో ఏ రంగున్నా పర్వాలేదు. ఏళ్ల తరబడి ఈ అలవాటులో ఉన్నవాళ్లం డిజిటల్ ప్రింట్‌కి వచ్చినప్పుడు, ఫైల్లోని రంగే ఇప్పుడు రంగు అనే సంగతి మనసుకి పట్టడానికి టైం పడుతుంది. పాత బుటా ఇండెక్స్‌డ్‌లో ఉంటే, ప్రింట్ పని మొదలుపెట్టేముందు ఆర్‌జీబీకి మార్చుకోండి, లేకపోతే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి, షేడింగ్ వేయడానికి కుదరదు.

పనిలో పనిగా ఒక మాట. పడుగు రాణి, పేక ఆనందా బ్లూ పెట్టి నేసిన డబుల్ షేడ్ చీర నడుస్తుంటే రంగు మారుతూ ఉంటుంది కదా, అది ఏ కలర్ మోడ్‌లోనూ ప్రింట్ అవ్వదు. జరీ కూడా అంతే, పసుపు గోధుమ కలిపి జరీలా కనిపించే బొమ్మ వేయొచ్చు గానీ అది జరీ కాదు. అలాంటి ప్రింట్‌ని మగ్గం చీర పేరుతో అమ్మేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే దాని వెనక కూర్చున్న మనుషుల మధ్యే నేను పెరిగాను. ప్రింట్‌ని ప్రింట్‌గానే చెప్పి అమ్మండి, అది కూడా మంచి పనే.

ల్యాబ్, గుడ్డ ముక్క, ఎండ

కస్టమర్ గుడ్డ ముక్క తెచ్చి ఇదే రంగు కావాలంటే, అప్పుడు ల్యాబ్ పనికొస్తుంది. 1976లో అంతర్జాతీయ వెలుతురు కమిషన్ సీఐఈ పెట్టిన లెక్క అది. వెలుగు ఎంత, ఎరుపు పచ్చల మధ్య ఎక్కడ, పసుపు నీలాల మధ్య ఎక్కడ అని మూడు అంకెలు, ఏ మిషన్‌తోనూ సంబంధం లేకుండా, కంటికి కనిపించేదాన్ని బట్టి. స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న యూనిట్‌లో ముక్క మీద పెట్టి నొక్కితే ఈ అంకెలు వస్తాయి. ప్రింట్ అయ్యాక మళ్లీ కొలిచి, రెండింటి తేడాని డెల్టా ఇ అంటారు, అది 1 దగ్గర ఉంటే మామూలు కంటికి పట్టుకోవడం కష్టం. డిజైనంతా ల్యాబ్ మోడ్‌లో గీయక్కర్లేదు, రంగు సరిపోల్చుకోవడానికి చాలు.

కానీ అంకెలు కలిసినా ఒక్కోసారి ఎండలో కలవవు. ఒకసారి బ్లౌజు గుడ్డ చీర అంచుకి సరిగ్గా కుదిరిందని షాపులో ట్యూబ్‌లైట్ కింద సంతోషపడి, తలుపు దాటి వీధిలోకి తీసుకెళ్లి చూస్తే, అంచు నెమలికంఠం అలాగే ఉంది, బ్లౌజు మాత్రం నీలంవైపు జారింది. మళ్లీ లోపలికి తెస్తే రెండూ ఒకటే. అద్దకం వాళ్లు పోగుకి వేసిన డై వేరు, ప్రింట్ ఇంకు వేరు, ఒక దీపం కింద కలిసి ఇంకో దీపం కింద విడిపోతాయి. దీన్నే మెటామెరిజం అంటారు. అందుకే శాంపిల్‌ని నీడపట్టున పగటి వెలుతురులో ఒకసారి, ఫంక్షన్ హాల్లో వాడే పసుపు లైట్ల కింద ఒకసారి చూస్తాను, పెళ్లి ఎక్కువసేపు ఎక్కడ జరుగుతుందో అడిగి దాన్నిబట్టి నిర్ణయిస్తాను.

బట్ట తెలుపు కూడా రంగే. ఈ ఇంకుల్లో సాధారణంగా తెలుపు ఉండదు, తెలుపు కావాలంటే బట్టని వదిలేయడమే. పట్టుకి సహజంగా కొంచెం మీగడ రంగు ఉంటుంది, దాని మీద లేత నీలం వేస్తే పచ్చజీర కొడుతుంది. అక్క అడిగిన మల్లెమొగ్గలు నిజానికి నేను వేసినవి కావు, పచ్చ పడకుండా మిగిలిన పట్టు.

ఇన్ని చెప్పాను గానీ, నాకు బాగా పనికొచ్చింది ఒక్క గుడ్డ. ఆర్‌జీబీలో ఒక్కో దీపానికి 0, 51, 102, 153, 204, 255 అని ఆరేసి మెట్లు పెడితే 216 గడులు అవుతాయి. ప్రతి గడి కింద దాని అంకెలు రాసి, ఎస్‌ఆర్‌జీబీలో సేవ్ చేసి, నేను మామూలుగా వాడే పట్టు జార్జెట్ మీద, అదే యూనిట్‌లో ప్రింట్ చేయించి, స్టీమింగు, వాషింగు అయ్యాక తెప్పించుకున్నాను. ఇక కస్టమర్‌కి తెర చూపించను, ఆ గుడ్డ ఇస్తాను. యూనిట్ మారినా బట్ట మారినా మళ్లీ ఇంకోటి కొట్టించుకోవాలి, ఖర్చే గానీ పాడైన ఓణీ ఖర్చుతో పోలిస్తే తక్కువే.

ఆ పెళ్లి ఓణీ రెండోసారి ఆర్‌జీబీలో పంపి, నా డబ్బుతో మళ్లీ కొట్టించి, ముహూర్తానికి రెండు రోజుల ముందు ఇచ్చాను. అక్క మళ్లీ వస్తుందనుకోలేదు. చిన్నమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వచ్చింది. చార్ట్ గుడ్డ చేతికిస్తే మాట్లాడకుండా బయట అరుగు మీదికి తీసుకెళ్లి, నీడలో పరిచి, చేతికున్న పచ్చ గాజు ఒక్కో గడి పక్కన పెట్టి చూసుకుంటూ పోయింది. చాలాసేపటికి ఒక చోట వేలు ఆపి, "ఇది చిలకపచ్చప్పా" అంది. కింద ఉన్న అంకెలు చదివి ఫైల్లో వేశాను. 102, 204, 0.